ఉద్యోగం మాని కొత్త వృత్తికి చదువుకోవాలా: తేల్చుకునే ముందు చూడవలసినవి

రాజీనామా ఆలోచన పదే పదే వస్తున్నప్పుడు, విసుగు కలిగిస్తున్నది వృత్తా, పనిచేస్తున్న చోటా అన్నది ముందుగా తేల్చుకోవాలి. పై అధికారి తీరో, రాత్రి షిఫ్టో, ఎల్బీ నగర్ నుంచి గచ్చిబౌలికి రోజూ చేసే ప్రయాణమో కారణమైతే, సంస్థ మారడమో ఇల్లు మారడమో సరిపోతుంది.

అవన్నీ సర్దుకున్నా మనసు కొత్త వృత్తివైపే లాగుతుంటే, ఆ వృత్తిలో మామూలు రోజు ఎలా గడుస్తుందో కళ్లారా చూడాలి. న్యాయవాది కావాలనుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి సెలవు పెట్టి నాంపల్లి కోర్టుల్లో కొన్ని పూటలు కూర్చుంటే, సుదీర్ఘమైన వాదనలకంటే వాయిదాలూ, ఫైళ్లూ, పిలుపుకోసం ఎదురుచూపులే ఎక్కువగా కనిపిస్తాయి. అది చూశాక కూడా ఆసక్తి తగ్గకపోతే ఆ కోరికను నమ్మవచ్చు. పేరు తెచ్చుకున్న సీనియర్లకంటే, నాలుగైదేళ్ల క్రితం నల్లకోటు వేసుకున్న జూనియర్లను కలవడం మేలని నా అభిప్రాయం. మొదటి ఏళ్లలో ఇల్లెలా గడిచిందో వారు చెప్పగలరు.

చాలామంది కోర్సు కాలాన్ని మాత్రమే లెక్కవేసి పొరపడతారు. లెక్కించవలసింది నిలకడైన సంపాదన మొదలయ్యేవరకు పట్టే కాలం. డిగ్రీ ఉన్నవారికి ఎల్‌ఎల్‌బీ మూడేళ్లు. దానికి ముందు న్యాయవిద్య ప్రవేశ పరీక్ష లాసెట్‌కు సిద్ధం కావాలి, చదువుతున్నంతకాలం కనీసం 70 శాతం హాజరు ఉండాలి, పూర్తయ్యాక బార్ కౌన్సిల్‌లో నమోదు చేసుకుని అఖిల భారత బార్ పరీక్ష రాయాలి. పూర్తికాలపు జీతం ఉద్యోగంలో ఉంటూ న్యాయవాదిగా ప్రాక్టీసు చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు గనుక, జూనియర్‌గా ఉన్న రోజులకు కూడా పాత జీతం ఆసరా ఉండదు. అందుచేత ఐదేళ్లకు తక్కువ కాకుండా లెక్కవేసుకోవడం క్షేమం. ఉపాధ్యాయ వృత్తి కోరుకునేవారికి బీఈడీ రెండేళ్లు, ఆపై ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్. కోరుకున్న రంగానికి దూరవిద్య పట్టా సరిపోయేటట్లయితే, జూబ్లీహిల్స్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరి ఉద్యోగం వదలకుండానే చదవవచ్చు.

ఆ ఐదేళ్లలో కట్టవలసిన ఇంటి వాయిదాలు, అద్దె, పిల్లల ఫీజులు, తల్లిదండ్రుల మందుల ఖర్చు కాగితంమీద రాసి, జీవిత భాగస్వామితో కలిసి కూర్చుని చూడాలి. మాటల్లో చెప్పి ఒప్పించిన అంగీకారం మొదటి ఫీజు గడువుకే సడలిపోతుంది. అంకెలు చూసి ఇచ్చిన అంగీకారం నిలుస్తుంది, ఎందుకంటే ఏ ఖర్చు తగ్గించుకోవాలో ఇద్దరికీ ముందే తెలిసి ఉంటుంది.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. సొంత పాలసీలో ఇప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం, అంటే వాటి చికిత్సకు బీమా వర్తించని వ్యవధి, ఉండవచ్చు కాబట్టి, పాలసీని ఉద్యోగంలో ఉండగానే తీసుకోవాలి. సర్వీసు ఐదేళ్లకు దగ్గరపడి ఉంటే, సర్వీసుకు గుర్తింపుగా సంస్థ చెల్లించే గ్రాట్యుటీ కోసం ఆ గడువు నిండేవరకు ఆగడం మంచిది. ఐదేళ్లు నిండకముందు తీసే పీఎఫ్‌మీద పన్ను కూడా పడవచ్చు. నోటీసు గడువు మూడు నెలలైతే తరగతులు మొదలయ్యే తేదీనుంచి వెనక్కి లెక్కపెట్టి, సీటు ఖరారైనట్టు చేతికి కాగితం వచ్చాకనే రాజీనామా ఇవ్వాలి.