జావా రిఫ్లెక్షన్: ఖర్చు ఎక్కడుందో చూసి తగ్గించుకునే పద్ధతి

జావాలో రిఫ్లెక్షన్ నెమ్మది అన్న మాట ఆ భాష నేర్చుకునేవారందరూ తొలి రోజుల్లోనే వింటారు. 1997లో జేడీకే (జావా ప్రోగ్రాములు రాసి నడపడానికి కావలసిన సాధనాల కట్ట) 1.1తో వచ్చిన ఈ సదుపాయం, ప్రోగ్రాము నడుస్తుండగానే ఒక ఆబ్జెక్టు ఏ క్లాసుకు చెందినదో, అందులో ఏయే ఫీల్డులు, మెథడ్లు ఉన్నాయో తెలుసుకుని, కంపైల్ చేసేనాటికి పేరైనా తెలియని మెథడ్‌ను పిలవడానికి వీలు కల్పిస్తుంది. అది నెమ్మదే, కానీ ఆ నెమ్మదితనమంతా ఒకేచోట లేదు. పేరును బట్టి మెథడ్‌ను వెతకడానికి ఒక ఖర్చు, దొరికిన మెథడ్‌ను పిలవడానికి మరొక ఖర్చు అవుతాయి. ఈ రెండింటినీ విడదీసి చూడనివారు తరచుగా చిన్న ఖర్చును తగ్గించడానికి శ్రమపడి పెద్దదాన్ని అలాగే వదిలేస్తారు.

అందువల్ల మొదట, సమయం ఎక్కడ ఖర్చవుతోందో చూపే ప్రొఫైలర్‌తో చూడాలి. గెట్‌మెథడ్, గెట్‌డిక్లేర్డ్‌ఫీల్డ్స్ వంటి పేర్లు పైవరుసలో కనిపిస్తే సమస్య వెతుకులాటలో ఉంది; మెథడ్‌ను పిలిచే ఇన్వోక్, దాని చుట్టూ ఇంటిజర్ ఆబ్జెక్టుల తయారీ కనిపిస్తే సమస్య పిలుపులో ఉంది; ఏవీ కనిపించకపోతే రిఫ్లెక్షన్‌ను ముట్టుకోనవసరం లేదు. రెండు పద్ధతులను పోల్చదలచినప్పుడు చేతితో రాసిన లూపును, గడియారంలా సమయం చెప్పే నానోటైమ్‌ను నమ్మకూడదు. ఫలితాన్ని ఎవరూ వాడుకోవడం లేదని గ్రహించిన జిట్ కంపైలర్ (ప్రోగ్రాము నడుస్తుండగానే దాన్ని యంత్రభాషలోకి మార్చేది) మొత్తం లెక్కనే తీసివేయగలదు, అప్పుడు మీరు ఖాళీ లూపును కొలిచినట్టవుతుంది. ముందస్తు వార్మప్‌ను, విడి ప్రాసెస్‌లలో పరుగులను తానే చూసుకునే జేఎమ్‌హెచ్ అనే జావా కొలతల సాధనమే ఈ పనికి తగిన సాధనం.

వెతుకులాట ఎందుకు ఖరీదైనదో తెలిస్తే దాని మందు తేలికగానే తడుతుంది. అనుమతి తనిఖీని పక్కన పెట్టించే సెట్‌యాక్సెసిబుల్ ద్వారా మెథడ్ ఆబ్జెక్టు స్థితిని ఎవరైనా మార్చవచ్చు కనుక, జావా ప్రోగ్రామును నడిపే జేవీఎం తన దగ్గరున్న అసలు ప్రతిని ఎవరికీ ఇవ్వదు. అడిగిన ప్రతిసారీ కొత్త నకలు తయారుచేసి ఇస్తుంది. గెట్‌మెథడ్స్ అయితే మొత్తం జాబితానే నకలు తీస్తుంది. దీనికి తోడు పేరును, పారామీటర్ల రకాలను ఒక్కొక్కటిగా పోల్చడం, పబ్లిక్ మెథడ్లయితే పై క్లాసులను, ఇంటర్‌ఫేసులను కూడా గాలించడం ఉంటాయి. పది ఫీల్డులున్న రికార్డులు లక్ష చదివే ప్రోగ్రాములో ప్రతి ఫీల్డునూ ప్రతి వరుసకూ పేరుతో వెతికితే పది లక్షల వెతుకులాటలు అవుతాయి. లూపుకు ముందే ఒక్కసారి వెతికి పెట్టుకుంటే పది చాలు. మిగతా మెళకువలన్నిటికంటే ఈ ఒక్క మార్పే చాలా ప్రోగ్రాములకు ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం.

వెతికినదాన్ని ఎక్కడ దాచాలన్నది మాత్రం కొంచెం ఆలోచించవలసిన విషయం. క్లాస్‌ను కీగా పెట్టుకున్న స్టాటిక్ హ్యాష్‌మ్యాప్ అందరికీ మొదట తోచేదే, కానీ సర్వర్‌ను ఆపకుండా అప్లికేషన్లను మార్చే చోట అది పాత క్లాసులను, వాటిని మెమరీలోకి తెచ్చిన క్లాస్‌లోడర్‌ను వదలకుండా పట్టుకుని మెమరీ లీకుకు దారితీస్తుంది. కీని వేరెవరూ వాడనప్పుడు దాన్ని వదిలేసే వీక్‌హ్యాష్‌మ్యాప్ వాడితే సరిపోతుందనుకోవడం అంతకంటే సూక్ష్మమైన పొరపాటు: విలువగా దాచిన మెథడ్ ఆబ్జెక్టే తన క్లాస్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది కనుక, కీ బలహీనమైనదైనా మ్యాపులోని ఆ నమోదు ఎప్పటికీ తొలగిపోదు. జావా 7లో వచ్చిన క్లాస్‌వాల్యూ ఈ అవసరం కోసమే ఉంది. అది విలువను క్లాస్ ఆబ్జెక్టుకే తగిలించి ఉంచుతుంది, పైగా పలు థ్రెడ్లు ఒకేసారి అడిగినా భద్రంగా పనిచేస్తుంది.

ఇక పిలుపు సంగతి. దాచేముందే సెట్‌యాక్సెసిబుల్‌కు ట్రూ ఇవ్వండి. అది ప్రైవేట్ సభ్యుల కోసమే అని చాలామంది అనుకుంటారు గాని, పబ్లిక్ మెథడ్ విషయంలో కూడా ప్రతి పిలుపులో పిలిచినవారెవరో కనిపెట్టి, వారికి అనుమతి ఉందో లేదో చూసే పనిని అది తప్పిస్తుంది. అయితే జావా 16 నుంచి జేడీకే లోపలి క్లాసులు అప్రమేయంగా మూసి ఉంటాయి కనుక, వాటి ప్రైవేట్ సభ్యులపై ఇది ఎక్సెప్షన్‌తో విఫలమవుతుంది.

ఇన్వోక్ అన్ని ఆర్గ్యుమెంట్లనూ ఆబ్జెక్టుల అర్రేగా తీసుకుంటుంది. అంటే ఒక ఇంట్ పంపాలన్నా అది ఇంటిజర్‌గా మారాలి, ఆ పైన అర్రే తయారు కావాలి. సాధారణంగా −128 నుంచి 127 వరకు ఉన్న విలువలకు ముందే సిద్ధంగా ఉన్న ఆబ్జెక్టులు దొరుకుతాయి. మిగతావాటికి, జిట్ ఆ తయారీని తొలగించలేకపోతే, కొత్తవి పుడతాయి. ఫీల్డుల విషయంలో దీనికి తేలికైన పరిష్కారం ఉంది: ఇంట్ ఫీల్డును గెట్‌తో కాకుండా గెట్‌ఇంట్‌తో చదవాలి.

పాత వెర్షన్లలో ఇన్వోక్ తొలి 15 పిలుపులను నేటివ్ కోడ్ ద్వారా నడిపి, ఆ తరువాత ఆ మెథడ్ కోసం ప్రత్యేకంగా బైట్‌కోడ్ తయారుచేసేది. 2022లో వచ్చిన జేడీకే 18 ఈ ఏర్పాటును మార్చి రిఫ్లెక్షన్‌ను మెథడ్ హ్యాండిళ్లపై (మెథడ్‌ను నేరుగా పిలవడానికి వీలిచ్చే ఆబ్జెక్టులపై) తిరిగి నిర్మించింది. కనుక పాత వెర్షన్‌పై తీసిన కొలతలను కొత్తదానికి వర్తింపజేయకుండా మళ్ళీ కొలవాలి.

అప్పటికీ పిలుపు భారంగానే ఉంటే, జావా 7 నుంచి ఉన్న మెథడ్‌హ్యాండిల్‌ను నేరుగా వాడవచ్చు. దీని లాభం ఒక షరతుకు లోబడి ఉంటుంది. హ్యాండిల్ స్టాటిక్ ఫైనల్ ఫీల్డులో ఉన్నప్పుడు జిట్ దాన్ని స్థిరమైన విలువగా గుర్తించి, లక్ష్య మెథడ్‌ను పిలిచిన చోటనే ఇన్‌లైన్ చేయగలదు, అంటే దాని కోడ్‌ను అక్కడే చేర్చేయగలదు. మ్యాపులోనుంచి తీసి పిలిస్తే ఆ అవకాశం పోతుంది, అప్పుడు మామూలు రిఫ్లెక్షన్ కంటే చెప్పుకోదగ్గ లాభం కనబడకపోవచ్చు. మెథడ్‌హ్యాండిల్‌కు మార్చినా వేగం పెరగలేదని వాపోయేవారి కోడ్‌లో మొదట చూడవలసింది ఇదే. ఇన్వోక్‌ఎగ్జాక్ట్ వాడేటప్పుడు ఫలితం రకం కూడా ఖచ్చితంగా సరిపోవాలి: ఇంట్ ఇచ్చే మెథడ్ ఫలితాన్ని ఇంట్‌గా క్యాస్ట్ చేయకుండా ఆబ్జెక్ట్ వేరియబుల్‌లో ఉంచితే, కంపైలర్ ఏమీ అనదు గాని, నడిచేటప్పుడు రాంగ్‌మెథడ్‌టైప్ ఎక్సెప్షన్ వస్తుంది.

ఏ క్లాసులు వస్తాయో ముందుగా తెలియని లైబ్రరీకి స్టాటిక్ ఫైనల్ షరతు పాటించడం సాధ్యం కాదు. అటువంటి చోట జావా 8 నాటి లాంబ్డామెటాఫ్యాక్టరీ ఉపయోగపడుతుంది. ఒక గెట్టర్‌కు (ఫీల్డు విలువను తిరిగిచ్చే మెథడ్‌కు) దీనితో ఫంక్షన్ ఇంటర్‌ఫేసును అమలుచేసే చిన్న క్లాసును అప్పటికప్పుడు పుట్టించి దాచుకుంటే, ఆ తరువాతి పిలుపులు మామూలు ఇంటర్‌ఫేసు పిలుపులే అవుతాయి. పుట్టించడానికి పట్టే సమయం, ఒక్కో క్లాసు మెటాస్పేస్‌లో (క్లాసుల వివరాలు ఉండే మెమరీ భాగంలో) ఆక్రమించే చోటు దీనికి చెల్లించవలసిన మూల్యం కనుక, లక్షల సార్లు పిలిచే గెట్టర్లకే దీన్ని పరిమితం చేయాలి. ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు ఒక్కసారి చదివే సెట్టింగులకు ఇది దండగ.

క్లాసులన్నీ మీ సొంత ప్రాజెక్టులోనివే అయితే, యానోటేషన్ ప్రాసెసర్ చేత కంపైల్ సమయంలోనే ఆ చదివే కోడ్‌ను రాయించి, నడిచేటప్పుడు రిఫ్లెక్షన్ అవసరమే లేకుండా చేయవచ్చు. బిల్డ్ కొంత బరువవుతుంది, బయటినుంచి ప్లగిన్లుగా వచ్చే క్లాసులకు ఇది అందదు; వాటికి పైన చెప్పిన క్లాస్‌వాల్యూ దారిని పక్కన ఉంచుకోవలసిందే. గ్రాల్‌వీఎం నేటివ్ ఇమేజ్‌గా (ముందే యంత్రభాషలోకి మార్చిన ఫైలుగా) కట్టదలచిన ప్రోగ్రాముకు మాత్రం ఇందులో మరొక సౌలభ్యం ఉంది: అక్కడ రిఫ్లెక్షన్‌తో తాకే క్లాసులు బిల్డ్ విశ్లేషణకు వాటంతట అవి దొరకనప్పుడు ముందే నమోదు చేయవలసి ఉంటుంది, ప్రాసెసర్ రాసిన మామూలు కోడ్‌కు ఆ జాబితాతో పని ఉండదు.