20ని కొట్టేయండి: ప్రాజెక్టైల్ లెక్క చేసే పద్ధతి

ప్రాజెక్టైల్ (గాల్లోకి విసిరిన వస్తువు) లెక్కలో నాకు మొదటిసారి సున్నా వచ్చింది సూత్రం రాక కాదు, వచ్చినందుకే. విసిరింది ఎంత దూరంలో పడుతుందో చెప్పే రేంజ్ సూత్రం నోటికి వచ్చు. లెక్కలో వేగం కనిపించింది, కోణం కనిపించింది, తీసుకెళ్ళి అందులో పడేశాను. 34.6 మీటర్లు వచ్చింది. అసలు జవాబు 52. ఇప్పుడు నా దగ్గరికి ఎవరు నేర్చుకోవడానికి వచ్చినా ముందు ఆ లెక్కే ఇస్తాను.

15 మీటర్ల ఎత్తున్న మేడ అంచు నుంచి, అడ్డగీతకు 30 డిగ్రీల కోణంలో పైకి, సెకనుకు 20 మీటర్ల వేగంతో బంతి విసిరారు. మేడకు ఎంత దూరంలో నేల మీద పడుతుంది? గాలి సంగతి వదిలేయండి, గురుత్వ త్వరణం 10 అనుకోండి.

ముందు బొమ్మ. అందంగా ఉండక్కర్లేదు. బంతి చెయ్యి వదిలిన చోటు సున్నా, పైకి ప్లస్, కిందికి మైనస్ అని బొమ్మ పక్కనే రాసుకోండి. మనసులో ఉంచుకుంటే సగం లెక్కకి వచ్చేసరికి గుర్తు మారిపోతుంది. ఇలా రాసుకున్నాక నేల −15 దగ్గర ఉంది, త్వరణం −10. బంతి పైకి పోతున్నా −10 ఏ, కిందికి వస్తున్నా −10 ఏ, అన్నిటికంటే పైన, కొసన ఉన్నప్పుడూ −10 ఏ. కొసన సున్నా అయ్యేది నిలువు వేగం ఒక్కటే. అక్కడ త్వరణాన్ని కూడా సున్నా చేసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, నేనూ చేశాను.

ఇప్పుడు పేజీ మధ్యలో ఒక గీత గీసి, ఒక పక్క ‘అడ్డం’, ఇంకో పక్క ‘నిలువు’ అని రాయండి. ఈ రెండు కదలికలు ఒకదాని జోలికి ఒకటి పోవు. 1638లో గెలీలియో అచ్చు వేయించిన సంగతి ఇదే. అడ్డం వేగం 20 × కాస్ 30, అంటే 17.3. నిలువు వేగం 20 × సైన్ 30, అంటే 10. కోణం నిలువుగీతతో ఇస్తే సైన్, కాస్ తారుమారవుతాయి, బొమ్మ చూసి తేల్చుకోండి. ఇక 20తో పని లేదు, పెన్నుతో కొట్టేయండి. నిజంగానే. కొట్టకపోతే టెన్షన్‌లో అది నిలువు సమీకరణంలోకి దూరుతుంది.

రెండు పక్కలకీ ఉమ్మడిగా ఉన్నది కాలం ఒక్కటే. ఏ పక్క నుంచి కాలం దొరుకుతుందా అని చూడాలి. ఇక్కడ నిలువు పక్క అన్నీ తెలుసు. కాలాన్ని టి అనుకుని, దూరం = వేగం × టి + సగం త్వరణం × టి² లో వేస్తే:

−15 = 10టి − 5టి²

5తో భాగించి సర్దితే టి² − 2టి − 3 = 0. టి విలువ 3 లేదా −1. మనకు కావలసింది 3 సెకన్లు. అడ్డం పక్కకి వెళ్ళి 17.3 × 3 చేస్తే 52 మీటర్లు.

నమ్మకం కుదరకపోతే ముక్కలుగా చూడండి. పైకి 1 సెకను, ఆ లోపు 5 మీటర్లు ఎక్కుతుంది. అక్కడి నుంచి నేలకు 20 మీటర్లు, దిగడానికి 2 సెకన్లు. మొత్తం 3. మొదటి నుంచీ ఇలాగే చేసేవాళ్ళూ ఉన్నారు, తప్పేం లేదు, కాస్త ఎక్కువ రాయాలి.

మరి నా 34.6 ఏమిటి? రేంజ్ సూత్రం పనిచేసేది బంతి విసిరిన ఎత్తుకే తిరిగొచ్చినప్పుడు. బంతి 2 సెకన్లకి మళ్ళీ మేడ ఎత్తుకు దిగుతుంది, అప్పటికి పోయిన దూరం 17.3 × 2. పరీక్షలో నేను బంతిని గాల్లోనే వదిలేసి పేపరు ఇచ్చేశానన్నమాట.

మనం పక్కన పెట్టిన −1 కూడా ఉత్త చెత్త కాదు. మేడ ఉన్నట్టు సమీకరణానికి తెలియదు. ఒక సెకను ముందు నేల మీద నుంచే బయల్దేరి, ఇదే వేగంతో, ఇదే దిశలో మేడ అంచుని దాటుకుంటూ పోయే బంతి అన్నా దానికి ఒకటే. ఆ బంతి నేల వదిలినప్పుడు నిలువు వేగం ఎంతో కట్టి చూడండి. 20 రావాలి, మనం కొట్టేసిన 20 మాత్రం కాదు.