సమస్య - పరిష్కారం: విండోస్ 10, 11లో మొరాయించే పాత గేములు

వేసవి సెలవులు మొదలయ్యాయంటే అనంతపురంలో నా రిపేరు బల్ల మీదికి పాత సీడీలు వస్తాయి. నాన్న కాలేజీ రోజుల్లో ఆడిన గేమ్ ఇప్పుడు ఇంట్లోని కంప్యూటర్‌లో ఎందుకు ఆడదని పిల్లల పేచీ. చాలామంది మొదట చేసే పని గేమ్ ఫైలు ప్రాపర్టీస్‌లో ఉండే కంపాటిబిలిటీ ట్యాబ్‌లోకి వెళ్లి విండోస్ ఎక్స్‌పీ ఎంచుకోవడం. నన్నడిగితే అది ఆఖరున చేయాల్సిన పని. గేమ్ ఏ దశలో ఆగిందో ముందు చూడండి. సెటప్ దగ్గర ఆగినదానికీ, ఆట మధ్యలో ఆగినదానికీ కారణాలు వేరు.

సెటప్ తెరుచుకోదు, ‘ఈ యాప్ మీ పీసీలో నడవదు’ అంటుంది

కారణం: ఇప్పటి 64 బిట్ విండోస్ పాతకాలపు 16 బిట్ ప్రోగ్రాములను అసలు నడపదు. 1990ల గేముల్లో తమాషా ఏమిటంటే, గేమ్ 32 బిట్‌దే అయినా దాని ఇన్‌స్టాలర్ మాత్రం చాలాసార్లు 16 బిట్‌ది. అంటే గేమ్ బాగానే ఉంటుంది, గుమ్మం దగ్గరే చిక్కు.

పరిష్కారం: ఓటీవీడీఎం అనే ఉచిత ప్రోగ్రాముతో సెటప్ తెరిచి చూడండి. కుదరకపోతే కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో పాత విండోస్ పెట్టి, అక్కడ ఇన్‌స్టాల్ చేసి, తయారైన ఫోల్డర్‌ను బయటికి కాపీ చేసుకోండి. చాలా గేములకు ఇది సరిపోతుంది. రిజిస్ట్రీలో, అంటే విండోస్ సెట్టింగులు దాచుకునే చోట, వివరాలు వెతికే గేములు మాత్రం అప్పటికీ మొండికేస్తాయి. విండోస్‌కు ముందటి డాస్ గేములకైతే ఈ తంటా ఏదీ లేదు, డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము చాలు. ఆట మరీ వేగంగా పరిగెడితే కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కండి, నెమ్మదిస్తుంది. మరీ నిదానంగా ఉంటే కంట్రోల్, ఎఫ్12.

సీడీ డ్రైవ్‌లోనే ఉన్నా ‘సీడీ పెట్టండి’ అంటుంది

డ్రైవ్ లైటు వెలుగుతుంది, సీడీ గిర్రున తిరుగుతుంది, అయినా అదే మాట. సీడీ మీద గీతలు పడ్డాయనుకుని తుడిచీ తుడిచీ విసిగిపోతారు. సీడీలోని ఫైళ్లు మామూలుగా తెరుచుకుంటుంటే దోషం సీడీది కాదు. 2000ల మొదట్లో వచ్చిన చాలా గేములకు సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉండేది. దానికి కావలసిన డ్రైవర్‌లో భద్రతా లోపాలు ఉండటంతో 2015లో వచ్చిన విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసింది.

సీడీ అడగకుండా చేసే అధికారిక ప్యాచ్ (సవరణ ఫైలు) కొన్ని గేములకు దొరుకుతుంది. లేకపోతే జీఓజీ లాంటి ఆన్‌లైన్ దుకాణంలో అదే గేమ్‌ను మళ్లీ కొనడం మేలు. అక్కడ ఇన్‌స్టాలర్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కాపీ రక్షణను తప్పించడానికి ఎక్కడో దొరికిన క్రాక్ ఫైలు మాత్రం వద్దు. విండోస్ 10కి సాధారణ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అలాంటి కంప్యూటర్‌లోకి ముక్కూ మొహం తెలియని ఫైలును రానివ్వడం కోరి తెచ్చుకునే తలనొప్పి.

ఫలానా డీఎల్ఎల్ లేదంటుంది

డీఎల్ఎల్ అంటే ప్రోగ్రాములు వాడుకునే సహాయక ఫైలు. దాని పేరు డీ3డీఎక్స్9తో మొదలైతే అది, గేముల బొమ్మలు, శబ్దాలు చూసుకునే డైరెక్ట్‌ఎక్స్‌లో 9వ వెర్షన్ కాలపు ఫైలు. కంప్యూటర్‌లో డైరెక్ట్‌ఎక్స్ 12 ఉన్నా ఇవి దానితో రావు. మైక్రోసాఫ్ట్ 2010 జూన్‌లో ఇచ్చిన డైరెక్ట్‌ఎక్స్ రన్‌టైమ్ వేస్తే అన్నీ ఒకేసారి వస్తాయి. గేమ్ డైరెక్ట్‌ప్లే (నెట్‌వర్క్‌లో కలిసి ఆడటానికి వాడే పాత భాగం) కావాలని అడిగితే విండోస్ ఫీచర్ల జాబితాలో లెగసీ కాంపొనెంట్స్ కింద టిక్ పెట్టండి.

గడ్డి ఎర్రగా, నీళ్లు ఊదాగా కనిపిస్తాయి

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ తరం గేములు 256 రంగుల పట్టికతో గీస్తాయి. ఆ పట్టిక విండోస్ చేతిలో చెదిరితే ఇలా అవుతుంది. సీఎన్‌సీ-డీడ్రా అనే ఉచిత ప్రోగ్రాము ఫైళ్లను గేమ్ ఫోల్డర్‌లో పెడితే చాలు. గేమ్ 3డీఎఫ్ఎక్స్ అనే పాత గ్రాఫిక్స్ కార్డు అడుగుతుంటే, దాని పని చేసిపెట్టే ఎన్‌గ్లైడ్ ప్రోగ్రామును వేయండి. ఆ కార్డుల కంపెనీ ఎప్పుడో మూతపడింది.

నిన్నటి సేవ్ ఈరోజు లేదు

దీనికి పిల్లలు తమ్ముడినో చెల్లెలినో అనుమానిస్తారు, పాపం. పాత గేములు సేవ్ ఫైళ్లను తమ ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి. విస్టా నుంచి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయడానికి విండోస్ అందరినీ అనుమతించదు. ఆ సంగతి గేమ్‌కు చెప్పకుండా, ఆ ఫైలును మీ యూజర్ ఫోల్డర్ లోపల యాప్‌డేటా, లోకల్ దాటాక ఉండే వర్చువల్‌స్టోర్‌లోకి మళ్లిస్తుంది. నిన్న మామూలుగా తెరిచి ఆడారు, సేవ్ అక్కడికి వెళ్లింది. ఈరోజు ఎవరో చెప్పారని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచారు, గేమ్ అసలు ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. సేవ్ ఎక్కడికీ పోలేదు, రెండు చోట్లకు చీలింది. వర్చువల్‌స్టోర్‌లో ఉన్నదాన్ని కాపీ చేసుకుని, గేమ్‌ను సీ డ్రైవ్‌లో గేమ్స్ అనే మామూలు ఫోల్డర్‌లోకి మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, సేవ్‌లను అందులో పెట్టండి. ఆ తర్వాత అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచే అలవాటు మానండి.

ఆట తీరు వింతగా ఉంటుంది

జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో హీరో నీళ్లలో నత్తనడకన ఈదుతున్నాడంటే ఆప్షన్లలో ఫ్రేమ్ లిమిటర్ (సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్యకు హద్దు పెట్టేది) ఆఫ్‌లో ఉండి ఉంటుంది. ఆ గేమ్‌లో కదలికల లెక్క ఫ్రేముల వేగంతో ముడిపడి ఉంది. లిమిటర్ ఆన్ చేయండి.

ఇరవై నిమిషాలు ఆడాక కంప్యూటర్ ఆరిపోతుంది

ఇక్కడ గేమ్‌ను తిట్టకండి. పాత గేముల్లో కొన్ని చేసే పని తక్కువైనా ప్రాసెసర్‌లో ఒక కోర్‌ను ఖాళీ లేకుండా తిప్పుతూనే ఉంటాయి. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో బయట నలభై డిగ్రీలు దాటుతుంది. దానికి తోడు దుమ్ము. పక్క మూత తీసి చూడండి. ఫ్యాన్ కింద, ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని, గాలి దూరే సందు ఉండదు. దాంతో ప్రాసెసర్ వేడెక్కి కంప్యూటర్ ఆరిపోతుంది. ప్లగ్ తీసేసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తని బ్రష్‌తో, బ్లోయర్‌తో శుభ్రం చేయండి. హీట్‌సింక్ విప్పితే ప్రాసెసర్‌కూ దానికీ మధ్య ఎండిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది వేయాల్సిందే. ఆ తర్వాత కూడా ఆరిపోతుంటే వేరే ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) పెట్టి చూడండి.