జీడితోటకు వెళ్లే ముందు ఎలుగుబంటి జాగ్రత్తలు

జీడిపిక్కలు ఏరే రోజులొస్తే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, ముఖ్యంగా సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు తోటల వైపు ఒకటే టెన్షన్: ఎలుగుబంటి. 2022 జూన్‌లో కిడిసింగిలో ఒక రైతు ప్రాణం పోయింది, మరికొందరు గాయపడ్డారు. పట్టుకున్న తర్వాత ఆ ఎలుగూ చచ్చిపోయింది. ఇంకోసారి అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ఎలుగు మనిషిని తినడానికి రాదు. అడవుల్లో దాని మలం ఏరి పరీక్షించిన పరిశోధకులకు కనిపించినవి ఎక్కువగా చెదలు, చీమలు, పండ్ల గింజలే. పులులు తిరిగే అడవిలో బతకడం నేర్చిన జంతువు అది. ఉలిక్కిపడితే పారిపోకుండా ఎదురు తిరగడం దాని అలవాటు. పుట్ట తవ్వి చెదలు పీల్చేటప్పుడు అదే పెద్ద చప్పుడు చేస్తుంది, మన అడుగులు దానికి వినిపించవు. కాబట్టి ముందే వినిపించేలా వెళ్లండి. ఇద్దరు ముగ్గురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ, కర్రతో నేల కొడుతూ నడవండి. చెవిలో ఇయర్‌ఫోన్స్ అసలొద్దు. కుక్కను వెంట తీసుకెళ్లకండి. అది ఎలుగును రెచ్చగొట్టి, భయపడి మళ్లీ మీ దగ్గరికే పరుగెత్తుకొస్తుంది.

చీకటితో తోటకు గానీ, బహిర్భూమికి గానీ ఒంటరిగా పోవద్దు. పగలే కదా అన్న ధీమా కూడా వద్దు. నేపాల్‌లోని చిత్వన్‌లో ఎలుగుల మెడకు రేడియో కాలర్లు (ఎక్కడున్నాయో సిగ్నల్ ఇచ్చే పట్టీలు) కట్టి గమనిస్తే, పిల్లల తల్లులు పగటిపూట ఎక్కువగా తిరుగుతున్నట్టు తేలింది. చలికాలంలో పుట్టిన పిల్లలు జీడి కోతల నాటికి తల్లి వీపెక్కి తిరుగుతుంటాయి. ఆ తల్లి కంటపడితే ఫోటో ఆశ మానుకుని, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి నడవండి.

మధ్యప్రదేశ్‌లోని పన్నాలో ఇలాగే కాలర్లు కట్టి చూస్తే, ఎండవేళ అవి పొదల్లో, రాతి బొరియల్లో పడుకుంటున్నాయని తెలిసింది. అందుకని కాలిబాట పక్కన, బోరు చుట్టూ పొదలు కొట్టేయండి. కొండమీద పొదల జోలికి మాత్రం పోకండి. అక్కడ నీడ లేకుండా చేస్తే అది పడుకోవడానికి మన తోటకే వస్తుంది. రాలిన జీడిపండ్లు, కుళ్లిన పనసకాయలు ఇంటి దగ్గర ఉంచొద్దు.

మీద పడితే పరుగెత్తకండి, దానితో పరుగులో గెలవలేరు. బోర్లా పడుకుని, రెండు చేతులతో మెడ వెనక గట్టిగా కప్పుకోండి. ఎక్కువ గాయాలు తలకూ ముఖానికే అవుతాయి. గోరు గీసుకున్నా సరే ఆసుపత్రికి వెళ్లి రేబిస్, టెటనస్ టీకాల గురించి అడగండి.

ఊళ్లోకి వస్తే గుంపుగా చుట్టుముట్టొద్దు, రాళ్లు వేయొద్దు. అటవీ శాఖవాళ్లకు ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా పిల్లల్ని ఇళ్లలో ఉంచి, అది కొండ వైపు వెళ్లే దారి ఖాళీగా వదలండి.