బొగ్గుబాయిల ఊరి చరిత్ర రాయాలనుకుంటున్నారా? ఇలా మొదలుపెట్టండి

చాలామంది కంపెనీ చరిత్రను దించేసి దానికి ఊరి పేరు తగిలిస్తారు. ఆ పని మాత్రం చేయకండి.

తెలంగాణలోని ఇల్లందునే తీసుకుందాం, అక్కడివాళ్ల నోట బొగ్గుట్ట. ముందు ఒక కాగితం మీద తేదీలు విడదీసి రాసుకోండి, ఎందుకంటే జనం అన్నీ కలిపేస్తారు. జియాలజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇక్కడ బొగ్గు ఉందని తేల్చింది 1871లో, హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వుకునే హక్కు దక్కింది 1886లో, తవ్వకం మొదలైంది 1889లో, సింగరేణి కాలరీస్ అనే పేరుతో కంపెనీ పుట్టింది 1920 డిసెంబరు 23న. డెబ్బైల్లో దేశంలోని బొగ్గు గనులతో పాటు సింగరేణినీ జాతీయం చేశారని ఎవరైనా రాస్తే నమ్మకండి, అప్పటికే అది ప్రభుత్వ కంపెనీ. భద్రాచలం పోయే యాత్రికులు వంటకు పొయ్యి పెడితే రాళ్లు అంటుకున్నాయనే కథ కూడా వినిపిస్తుంది. రాయండి, కానీ జనం చెప్పుకునే మాటగానే రాయండి.

తేదీల పని ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. అసలు పని రిటైరైన కార్మికుల దగ్గర ఉంది. "ఆ రోజుల్లో ఎలా ఉండేది తాతా?" అని అడిగితే "కష్టంగా ఉండేది బిడ్డా" అంటారు, అంతటితో మాట ఆగిపోతుంది. అలా కాకుండా, మొదటిరోజు బాయిలోకి ఎవరు తీసుకుపోయారు, మస్టర్ (హాజరు) ఎక్కడ పడేది, టోపీకి పెట్టుకునే క్యాప్ ల్యాంప్ ఎక్కడ ఇచ్చేవాళ్లు, తట్టా చెమ్మస్‌తో (గంప, పారతో) బొగ్గు మోసే టబ్బు నింపేటప్పుడు పక్కన ఎవరుండేవాళ్లు, నైట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చాక పగటిపూట నిద్ర ఎలా పట్టేది, ఇలాంటివి అడగండి. ఒక పేరు వస్తే దాని వెనకే పది పేర్లు వస్తాయి. వీలైతే బాయి పక్కకే తీసుకెళ్లి మాట్లాడించండి, కుర్చీలో కూర్చుని గుర్తురానివి అక్కడ గుర్తొస్తాయి. మూతపడ్డ ఇంక్లైన్ల (గనిలోకి ఏటవాలుగా దిగే దారుల) లోపలికి మాత్రం అడుగు పెట్టొద్దు, పైన నేల కుంగే చోట్లు కూడా ఉంటాయి.

ఇంట్లో ఆడవాళ్లను వదిలేస్తే సగం ఊరు పోయినట్టే. 1952 గనుల చట్టం వాళ్లను భూగర్భ పనికి దూరం పెట్టింది, 2019లో గానీ సడలించలేదు. కాబట్టి బాయి సంగతులు మగవాళ్లు చెబుతారు. క్వార్టర్లో నీళ్లు ఏ వేళకు వచ్చేవి, జీతం రోజు అప్పులవాళ్లు గుమ్మంలో ఎలా నిలబడేవాళ్లు, సైరన్ వేళ కాని వేళ మోగితే వాడంతా ఎటు పరిగెత్తేది, ఇవి ఆడవాళ్లకే తెలుసు. ఎదురుగా భర్త ఉంటే ఆయనే జవాబిచ్చేస్తాడు, విడిగా అడగండి.

పాత పే స్లిప్పులు, కోల్ మైన్స్ ప్రావిడెంట్ ఫండ్ కాగితాలు ట్రంకు పెట్టెల్లో ఉంటాయి. అక్కడికక్కడే ఫోటో తీసుకుని తిరిగి ఇచ్చేయండి, ఇంటికి పట్టుకెళ్లొద్దు. నిజాం కాలం సంగతి తవ్వాలంటే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి, అక్కడ ఉర్దూ, పారసీ దస్త్రాలు చాలా ఉన్నాయి కాబట్టి ఉర్దూ చదవగలిగేవాళ్లను వెంట తీసుకెళ్లండి. రికార్డింగుకు తేదీ, చోటు పెట్టి, ఒక కాపీ ఆ కుటుంబానికి ఇవ్వండి. పేరు వేయొద్దన్నవాళ్ల పేరు వేయొద్దు.