ఏది ఇంట్లో, ఏది బయట: హైదరాబాద్‌లో తక్కువ ఖర్చుతో కమ్మగా తినడం

హైదరాబాద్ వచ్చిన మొదటి ఏడాది తిండికి ఎంత పోతోందో నేను లెక్క చూసుకోలేదు. రాత్రి ఆఫీసు నుంచి రావడం, ఫోన్ తీసి ఏదో ఒకటి ఆర్డర్ పెట్టడం, అది చల్లారిపోయి వచ్చాక సగం తిని సగం పారేయడం. డబ్బు పోయిందన్న బాధ ఒక ఎత్తు, ఇన్ని రుచులున్న ఊళ్ళో ఉంటూ రోజూ చప్పటి కూడు తిన్నానే అన్న బాధ ఇంకో ఎత్తు. ఆ తర్వాత మెల్లగా నాకు అర్థమైన సంగతి ఏంటంటే, కొన్ని ఇంట్లోనే బాగుంటాయి, కొన్ని బండి దగ్గర నిలబడి తింటేనే బాగుంటాయి, చాలావాటికి సగం ఇల్లు సగం బజారు కలిస్తేనే బాగుంటుంది. ఏది ఎక్కడిదో తెలిసిందంటే ఖర్చు దానంతట అదే దిగుతుంది.

ముందు అన్నం సంగతి చూద్దాం. పార్సెల్ భోజనంలో అన్నానికి కూడా మనం హోటల్ రేటే కడతాం. అన్నం ఇంట్లో వండుకుని కూర మాత్రం బయట తెచ్చుకోవడానికి మనకి కర్రీ పాయింట్లు ఉన్నాయి కదా, సందుకొకటి. ఒంటరిగా ఉండేవాళ్ళకి, ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళకి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదని నా నమ్మకం. కానీ అన్నీ అక్కడే కొనకండి. పప్పు, చారు, పెరుగు ఇంట్లోవే ఉండాలి, ఎందుకంటే కుక్కర్లో నాలుగు విజిల్స్ వస్తే పప్పు అయిపోతుంది, దానికి డబ్బులు పెట్టడం దండగ. కొనాల్సింది వేపుడు. కాకరకాయో దొండకాయో ఇంట్లో వేయించాలంటే ముప్పావుగంట పొయ్యి దగ్గరే ఉండాలి, నూనె కూడా బాగా తాగుతుంది, పైగా ఒక్కరి కోసం పావుకిలో దొండకాయలు తరిగే ఓపిక ఆఫీసు నుంచి వచ్చాక ఎవరికి ఉంటుంది చెప్పండి. ఒక ప్యాకెట్ వేపుడు తెస్తే ఇంటి పప్పుతో ఇద్దరికి సరిపోతుంది.

మంచి కర్రీ పాయింట్ పట్టుకోవాలంటే మధ్యాహ్నం పన్నెండున్నరకి ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి వెళ్ళి చూడండి. రెండు పూటలా అవే గిన్నెల్లో అవే కూరలు ఉంటే వదిలేయండి. పొద్దున మిగిలింది రాత్రి మసాలా వేసి అమ్మే చోట్లు కూడా ఉన్నాయి, ఒకసారి అలాంటి కూర తిని రెండు రోజులు ఆఫీసుకి వెళ్ళలేకపోయాను. ఇంకో మాట, వేడి వేడి సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోయించుకోకండి, చిన్న స్టీలు డబ్బా బ్యాగులో పెట్టుకుని వెళ్ళండి.

జొన్న రొట్టెలది కూడా ఇదే లెక్క. సాయంత్రం అయితే చాలా వీధుల్లో రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని ఆడవాళ్ళు చేత్తో కొట్టి కాల్చి ఇస్తారు. జొన్నపిండిలో సాగే గుణం ఉండదు, వేడినీళ్ళతో కలిపి తట్టే చెయ్యి తిరిగి ఉంటేనే విరక్కుండా వస్తుంది. కాబట్టి రొట్టెలు బయట కొనండి, వంకాయ కూర ఇంట్లో చేసుకోండి.

ఇంట్లో చేసుకోవాల్సినవాటిలో నేను అన్నిటికన్నా ముందు చెప్పేది పచ్చి పులుసు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి రెండు గ్లాసుల నీళ్ళలో పిసికి వడకట్టండి. రెండు మూడు పచ్చిమిరపకాయలు మంట మీద మచ్చలు పడేదాకా కాల్చి, ఉప్పు వేసి చేత్తో నలిపి అందులో కలపండి. సన్నగా తరిగిన ఉల్లిపాయ, కాస్త బెల్లం, కొత్తిమీర, పైన ఆవాలు జీలకర్ర కరివేపాకు పోపు. పులుసు పొయ్యి ఎక్కేదే లేదు. ముద్దపప్పు అన్నంలో నెయ్యి చుక్క వేసుకుని దీన్ని కలుపుకుంటే, వేసవి రాత్రి దానికి మించిన భోజనం ఉందని నేను అనుకోను. ఇక ఇంట్లో ఏమీ లేని రోజున సర్వపిండి: బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కారం, ఉప్పు కలిపి, మందపాటి గిన్నెకి నూనె రాసి లోపలే పల్చగా ఒత్తి, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసి మూత పెట్టి సన్న సెగ మీద వదిలేయాలి. అడుగు ఎర్రగా కాలిన వాసన వచ్చేదాకా తొందరపడొద్దు.

పెసరట్టు కూడా ఇంటిదే. గ్లాసు పెసలు, గుప్పెడు బియ్యం ఐదారు గంటలు నానితే చాలు, ఇడ్లీ పిండిలాగా పులియబెట్టే పని లేదు. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బితే ఎనిమిది తొమ్మిది అట్లు వస్తాయి. హోటల్లో ఒక్క పెసరట్టుకి పెట్టే డబ్బుతో ఇంట్లో అందరూ తింటారు, రుచిలో తేడా కూడా ఏమీ ఉండదు.

అదే మిరపకాయ బజ్జీ అయితే ఇంట్లో వద్దు. ప్లేటు బజ్జీల కోసం అర లీటరు నూనె కాచాలి, తర్వాత ఆ నూనెని ఏం చేయాలో తెలియక వారం రోజులు మూత పెట్టి దాచుకుంటాం. బండి దగ్గరికి వెళ్ళండి. వెళ్ళగానే నూనె రంగు చూడండి, నల్లగా, నురగ కడుతూ ఉంటే పక్క బండికి నడవండి. జనం గుమిగూడి ఉన్న బండి దగ్గర వాయి వెంట వాయి దిగుతుంటుంది కాబట్టి మీకు ఎప్పుడూ వేడిదే దొరుకుతుంది. అక్కడే తినండి. పార్సెల్ కట్టించిన బజ్జీ ఇంటికి వచ్చేసరికి మెత్తబడిపోతుంది. వెన్న దోసెలూ అంతే, నాంపల్లి రామ్ కీ బండి లాంటి చోట ఆ మందపాటి పెనం గంటల తరబడి కాగుతూనే ఉంటుంది, మన ఇంటి పొయ్యి మీద ఆ వేడి రాదు.

కూరగాయలకి రైతు బజారే. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైనవి ఇవి, రైతు నేరుగా అమ్ముకోవాలన్నది ఉద్దేశం. మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, ఏది దగ్గరైతే అది. లోపలికి వెళ్ళగానే ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది, ముందు అది చదవండి, తర్వాతే సంచి తెరవండి. ఆకుకూరలకి పొద్దున్నే వెళ్ళాలి, టమాటాలకి సాయంత్రం వెళ్ళినా పర్లేదు, చీకటి పడే వేళకి మిగిలినవి తగ్గించి ఇచ్చేస్తారు, పచ్చడికి కాస్త మెత్తబడ్డవే మేలు. ఇంట్లో మెనూ రాసుకుని వెళ్ళకండి. ఏది కుప్పలుగా వచ్చి చవగ్గా ఉందో అది కొనుక్కొచ్చి, ఏం వండాలో సంచి చూసి తేల్చుకోండి. గోంగూర బాగా వచ్చే రోజుల్లో గోంగూర పప్పు, గోంగూర పచ్చడి, వీలైతే గోంగూర మటన్. ఆదివారం చేసే ఆ మటన్‌లో నాలుగు కట్టల గోంగూర వేస్తే అర కిలో మాంసం కిలో పెట్టు వస్తుంది.

మిర్చి, చింతపండు మాత్రం ఏడాదికి సరిపడా ఎండాకాలంలో కొనాలి, కొత్త పంట వచ్చేది అప్పుడే. కొత్త చింతపండు లేత ఎరుపులో ఉంటుంది, పాతబడేకొద్దీ నల్లబడుతుంది. బేగంబజార్‌కి ఒక్కరే వెళితే ఆటో ఖర్చులకే లాభం పోతుంది, మీ అపార్ట్‌మెంట్లో రెండు మూడు ఇళ్ళవాళ్ళు కలిసి వెళ్ళి కిలోల లెక్కన కొని పంచుకోండి.

చేపలకి ఆదివారం పొద్దున్నే రాంనగర్ మార్కెట్. కొరమీను రుచి గొప్పదే, తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే, కానీ ధర కూడా గొప్పగానే ఉంటుంది. పులుసుకి బొచ్చె చాలు. మొప్పలు ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి, కళ్ళు ఉబ్బుగా మెరవాలి, వేలితో నొక్కితే గుంట పడకూడదు. కోసి శుభ్రం చేసేవాళ్ళకి డబ్బులు విడిగా ఇవ్వాలి, తలకాయ వదిలేయకండి, పులుసుకి చిక్కదనం దాన్నుంచే వస్తుంది. ఆదివారం రాత్రి వండి సోమవారం పొద్దున తినండి, ముక్కకి పులుపు పట్టేది అప్పుడే.

ఇక బిర్యానీ. మామూలు రోజుల్లో ఇంట్లో దమ్ బిర్యానీ పెట్టుకోవడం నా దృష్టిలో శ్రమే తప్ప పొదుపు కాదు, పెద్ద హండీలో పచ్చి మాంసం, బియ్యం కలిపి దమ్ పెట్టిన బిర్యానీకి వచ్చే రుచి మన చిన్న గిన్నెకి రాదు. హోటల్‌కే వెళ్ళండి, మధ్యాహ్నం మొదటి హండీ తెరిచే టైముకి వెళితే ఇంకా మంచిది. చాలా చోట్ల ఒక సింగిల్ ఇద్దరికి సరిపోతుంది, ముందు ఒకటే చెప్పి చూడండి. కూల్ డ్రింకులు, స్టార్టర్లు వద్దు, బిల్లు పెరిగేదే అక్కడ. డెలివరీలో తెప్పిస్తే చాలాసార్లు వంటకం ధరే హోటల్ మెనూ కంటే ఎక్కువ ఉంటుంది, దాని మీద ప్యాకింగ్, డెలివరీ, ఇంకేవో ఫీజులు, కాబట్టి దగ్గరైతే మీరే నడిచి వెళ్ళి పార్సెల్ తెచ్చుకోండి. బిల్లులో సర్వీస్ ఛార్జ్ ఉంటే తీసేయమని మర్యాదగా అడగొచ్చు, టెన్షన్ పడక్కర్లేదు. బిల్లులో దాన్ని బలవంతంగా కలపకూడదని 2022లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది.

రంజాన్ నెలలో హలీమ్‌ది వేరే లెక్క. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన వంటకం అది, గోధుమ, మాంసం గంటల తరబడి ఉడికి, కలిపి మెదిపితేనే ఆ జిగురు వస్తుంది. ఒక గిన్నె ఇద్దరు పంచుకోండి, చాలా బరువైన తిండి.

తాగేవాటిలోనూ ఇదే పద్ధతి. ఇరానీ చాయ్ బయటే తాగాలి. డికాక్షన్ పెద్ద గిన్నెలో మూత పెట్టి సన్న సెగ మీద ఎంతోసేపు మగ్గుతుంది, పాలు విడిగా చిక్కబడేదాకా మరుగుతాయి, కప్పులో రెండూ కలుస్తాయి. ఇంట్లో రెండు కప్పుల కోసం అది కుదిరే పని కాదు. ఉస్మానియా బిస్కెట్లు మాత్రం బేకరీలో పావుకిలో కొని ఇంట్లో పెట్టుకోండి. కాఫీ ఇంట్లో. స్టీలు ఫిల్టర్ ఒక్కసారి కొంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. అప్పటికప్పుడు మర పట్టించిన పొడి వంద గ్రాములే తెచ్చుకోండి, ఎక్కువ తెస్తే వాసన పోతుంది. అరకు కాఫీ దొరికితే ఒకసారి చికోరీ లేకుండా తాగి చూడండి. మూడు చెంచాల పొడి వేసి, గట్టిగా నొక్కకుండా మరిగిన నీళ్ళు పోసి ఇరవై నిమిషాలు ఆగితే రెండు మంచి కప్పులకి డికాక్షన్ దిగుతుంది. బయట కాఫీ షాపులో ఒక్క కప్పుకి పెట్టే డబ్బుతో ఇంట్లో వారం గడిచిపోతుంది.

ఎండాకాలం మజ్జిగ. గ్లాసు పెరుగుకి మూడు నాలుగు గ్లాసుల నీళ్ళు, దంచిన అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉప్పు, కుండలో పోసి పెట్టండి. రాగి జావకి రెండు చెంచాల పిండి ముందు చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్ళలో పోసి, చల్లారాక మజ్జిగ కలపండి. చెరకు రసం బయటిదే, మిషన్ ఇంట్లో పెట్టుకోలేం కదా, ఐస్ వద్దని ముందే చెబితే రసం ఎక్కువ వస్తుంది, నీళ్ళ భయం కూడా ఉండదు.

అక్టోబరులో ఒక్క సాయంత్రం మాత్రం మొజంజాహీ మార్కెట్ కోసం దాచుకోండి. 1935లో కట్టిన ఆ రాతి కట్టడం కింద కూర్చుని సీతాఫలం ఐస్‌క్రీమ్ తినడానికి పెట్టే డబ్బుని నేనెప్పుడూ ఖర్చు అనుకోను. ఇంట్లో సీతాఫలం గింజలు తీయడానికే గంట పడుతుంది, అక్కడ గుజ్జు ముక్కలు ముక్కలుగా నోటికి తగులుతుంది. నవంబరు దాటిందంటే పండు అయిపోతుంది, మళ్ళీ ఏడాది ఆగాలి.