మేడ మీద కుండీలో స్టీవియా: పెంచేది ఎలా, వాడేది ఎలా

అమ్మకి షుగర్ వచ్చాక చప్పటి టీ తాగలేక రోజూ సగం గ్లాసు అలాగే వదిలేసేది, అది చూడలేక పంచదార బదులు వేసుకునే తియ్యటి ఆకు మొక్క, స్టీవియా, నర్సరీ నుంచి తెచ్చి మేడ మీద పెట్టాను. కొంతమంది మధుపత్రి అంటారు, కొంతమంది తీపి తులసి అంటారు కానీ తులసికీ దీనికీ చుట్టరికం లేదు, ఇది చామంతి కుటుంబం. పుట్టిల్లు పరాగ్వే వైపు, అక్కడి గ్వారానీ వాళ్ళు ఎన్నో తరాలుగా ఈ ఆకుని తీపికి వాడుకుంటున్నారు.

విత్తనాల జోలికి పోకండి, మొలిచేవి చాలా తక్కువ. ఒక్క మొక్క తెచ్చుకుంటే చాలు, తర్వాత దాని కొమ్మలతోనే ఎన్నైనా చేసుకోవచ్చు. జానెడు లోపు పువ్వు రాని కొమ్మ తీసుకుని కణుపు కింద కత్తిరించి, కింది ఆకులు తీసేసి తడి కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) గుచ్చి నీడన పెడితే రెండు మూడు వారాల్లో వేర్లు వస్తాయి.

కుండీ 10-12 అంగుళాలది సరిపోతుంది. ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, కొంచెం ఇసుక కలపండి, అడుగున నీళ్ళు పోయే కన్నాలు మాత్రం కచ్చితంగా ఉండాలి. నా మొదటి మొక్క వానాకాలంలో పోయింది, ఆకులు వాడిపోయి కనిపిస్తే నీళ్ళు చాల్లేదేమో అనుకుని ఇంకా పోశాను, చివరికి పీకి చూస్తే వేర్లు నల్లగా మెత్తగా చేతికే ఊడొచ్చాయి. అప్పట్నుంచి వేలు పెట్టి చూసి పైమట్టి ఆరితేనే పోస్తున్నా, జోరు వానలప్పుడు కుండీని సన్‌షేడ్ కిందకి జరుపుతున్నా. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండ తగలకుండా షేడ్ నెట్ కట్టండి, మిగతా రోజుల్లో ఎండ బాగానే కావాలి.

అన్నిటికంటే ముఖ్యం మొగ్గలు తుంచడం. పగలు 13 గంటల కంటే తక్కువ ఉంటే ఈ మొక్క పూతకొస్తుంది, మన దగ్గర ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ అంతే కదా, అందుకే చిన్న మొక్కే తెల్లగా పూసేస్తుంది. పూస్తే ఆకులో తీపి తగ్గిపోతుంది, ఎదుగుదల ఆగిపోతుంది. వారానికి రెండుసార్లయినా చూసి చివర్లు గిల్లేయండి, గిల్లిన చోట రెండు కొమ్మలొచ్చి గుబురుగా తయారవుతుంది.

మూడు నాలుగు నెలలకి, మొగ్గ కనపడే ముందు, నేల నుంచి బెత్తెడు వదిలి పైదంతా కోసేయండి, మళ్ళీ చిగురేస్తుంది. ఆకులు కడిగి, తడి ఆరాక గాలి తగిలే చోట పల్చగా పరిస్తే రెండు మూడు రోజుల్లో ఎండుతాయి. నలిపితే గలగలమని పొడైపోవాలి, మెత్తగా వంగితే ఇంకా తడి ఉన్నట్టే, అలాగే సీసాలో పెడితే బూజు పడుతుంది.

ఇక వాడకం. గ్లాసు టీకి రెండు మూడు పచ్చి ఆకులు, లేదా రెండు వేళ్ళతో తీసిన చిటికెడు పొడి, అంతే. తీపి చాల్లేదని ఇంకా వేస్తే తీపి పెరగదు, నాలుక చివర చేదు మిగులుతుంది. పొడి నేరుగా పాలలో వేస్తే రంగు పచ్చగా మారుతుంది కాబట్టి డికాషన్‌లోనే ఆకు వేసి, రెండు నిమిషాలుంచి వడగట్టి తర్వాత పాలు పోయండి. నిమ్మకాయ నీళ్ళలో ఇంకా బాగుంటుంది, పులుపుకి ఆ చేదు తెలియదు. పాయసంలో కూడా పనికొస్తుంది, వేడికి తీపి పోదు. కానీ పాకం మాత్రం రాదు, అరిసెలూ లడ్డూలూ దీంతో అవ్వవు, ఆ పని బెల్లానిదే.

ఒక్క మాట, 2015లో మన ఫుడ్ సేఫ్టీ అథారిటీ అనుమతిచ్చింది ఆకు నుంచి తీసి శుద్ధి చేసిన తీపి పదార్థానికి, అది పంచదార కంటే 200-300 రెట్లు తీపి. పచ్చి ఆకు అంత గాఢంగా ఉండదు, అయినా మితంగానే వాడండి, గర్భిణులు డాక్టర్‌ని అడిగాకే. షాపులో పొడి కొంటే వెనక లేబుల్ చదవండి, కొన్నిట్లో మాల్టోడెక్స్‌ట్రిన్, డెక్స్‌ట్రోజ్ కలుపుతారు, అవి షుగర్ పెంచేవే. షుగర్ మాత్రలు మాత్రం మానకూడదు, ఇది మందు కాదు. అమ్మ మాత్రలు అవే, డోసు కూడా అంతే, కాకపోతే ఇప్పుడు టీ గ్లాసు ఖాళీ చేసి పెడుతోంది.